తీపి నీళ్ళు తాగిన కారు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నీళ్ళు రెండు రకాలు. పెరటి బావిలోవి ఉప్పునీళ్ళు. సముద్రం మా ఇంటికి మైలు దూరం కూడా లేదు కాబట్టి ఆ బావిని ఎంత లోతు తవ్వించినా ఫలితం లేకపోయింది. ఆ నీళ్ళతో అంట్లు తోమేవాళ్ళం, బట్టలు జాడించేవాళ్ళం, గేదెను కడిగేవాళ్ళం. రెండో రకం దొరువు నీళ్ళు. సరుగుడు తోపు దాటి వెళ్తే ఇసుకదిబ్బల మధ్య మనిషి లోతు గుంట ఒకటి ఉండేది. అలాంటి గుంటనే మా వైపు దొరువు అంటారు. అంత ఉప్పు సముద్రం పక్కన, ఒట్టి ఇసకలో, కొబ్బరినీళ్ళలాంటి తీపినీళ్ళు ఊరేవి. ఇది స్వామి దయ కాక మరేమిటని మా అమ్మమ్మ రోజూ మొదటి చెంబు ముంచే ముందు దొరువుకు దండం పెట్టేది. పక్కన నిలబడి నేనూ పెట్టేదాన్ని. ఆ తీపినీళ్ళు తాగడానికి, వంటకు, దేవుడికి. ఇంక దేనికీ ముట్టుకోకూడదన్నది మా అమ్మమ్మ పెట్టిన కట్టుబాటు.

నేను పుట్టింది అక్కడ కాదు. మా అమ్మానాన్నలు లోపలి ఊళ్ళో వరి పండించేవాళ్ళు. నూర్పుళ్ళ దుమ్ము నాకు పడేది కాదు. కళ్ళంలో కుప్ప కదిలిస్తే చాలు, ఉబ్బసం వచ్చి మంచం పట్టేదాన్ని. సముద్రపు గాలికి కొంత నిమ్మళిస్తుందని నన్ను తెచ్చి తోటపల్లి గూడూరు దగ్గరున్న మా అమ్మమ్మగారి పల్లెలో ఉంచారు. బడి కాలవ అవతల ఉండేది. అంత దూరం నడిస్తే ఆయాసం. అందుకని పద్యాలూ పూజా అమ్మమ్మ దగ్గర, అక్షరాలూ అంకెలూ తాతయ్య దగ్గర నేర్చుకున్నాను. నా బడి అంతా ఆ ఇంటి వసారాలోనే జరిగింది. తక్కువేమీ జరగలేదని ఈనాటికీ అనుకుంటాను.

మా తాతయ్య బిట్రగుంటలో రైలుపెట్టెలకు రంగులు వేసి వేసి రిటైరైన మనిషి. నా చేత మొదటి 'అ' పలక మీద రాయించలేదు, పాత రేకు మీద కుంచెతో రాయించాడు. అంకెలు గరుకు కాగితాల వీపు మీద నేర్పాడు. ఎనభై, నూట ఇరవై, రెండువందల ఇరవై, నాలుగువందలు. అంకె పెరిగేకొద్దీ కాగితం మెత్తనవుతుంది. ఈ వింత నాకు చాలా రోజులు అర్థం కాలేదు. ఎక్కువైతే ఎక్కువ గరుకు కావాలి కదా?

"పెద్దయ్యే కొద్దీ మెత్తబడాలమ్మే," అనేవాడు తాతయ్య. "మీ అమ్మమ్మ మాదిరి కాదు."

వంటింట్లోంచి వెంటనే జవాబు వచ్చేది. "అవునయ్యా, నేను ఎనభై కాగితాన్నే. నాతో రుద్దించుకోబట్టి నువ్వు ఈ మాత్రం నున్నగా ఉండావు!"

మా పక్క ఊళ్ళో చిన్న ఆసుపత్రి ఉండేది. దానికి ఒక డాక్టరమ్మ వచ్చింది. పెళ్ళి చేసుకోలేదు, ఒక్కతే ఉండేది. ఆమెకు ఒక చిన్న కారుండేది. అది వాళ్ళ నాన్నది. ఆయన పోయాక తల్లి మద్రాసులో కొడుకు దగ్గర ఉండిపోయింది, కారు ఈమె వెంట మా తీరానికి వచ్చింది. మా ఉప్పుగాలి దాన్ని రెండేళ్ళలో కొరుక్కు తినేసింది. రేకు మీద తుప్పు, తుప్పు మీద ఎవరో పూసిన నల్లరంగు, దాని మీద మళ్ళీ తుప్పు. దూరం నుంచి చూస్తే గజ్జి పట్టిన గేదెలా ఉండేది. కానీ మా ఊరివాళ్ళకు అది వస్తుంటే ప్రాణం లేచి వచ్చేది. ఒకసారి వానల్లో నాకు ఊపిరి అందక పెదాలు నల్లబడితే, మోకాలి లోతు నీళ్ళలో ఆ కారులోనే వచ్చి సూది వేసి, నేను లేచి గంజి తాగేదాకా మా వసారాలో కూర్చుంది. మేము ఏమిచ్చినా తీసుకోలేదు.

ఆ రుణం తాతయ్య మనసులో ఉండిపోయింది. ఏదో ఒకటి చేయాలని చూస్తూ ఉన్నాడు. మాఘమాసంలో ఒకరోజు డాక్టరమ్మ నన్ను చూడడానికి వచ్చినప్పుడు, వచ్చే నెల మా అమ్మ వస్తోంది పెద్దాయనా అని చెప్పింది. ఆమె గొంతులో సంతోషం ఉంది, దిగులూ ఉంది. తల్లికి చూపు దాదాపు పోయింది. ఏదైనా చేత్తో తడిమే తెలుసుకుంటుంది. నాన్న ఈ కారును రోజూ తుడిచి అద్దంలా ఉంచేవారు, స్టేషనులో దిగి అమ్మ మొదట దీన్నే తడుముతుంది, ఆ చేతికి ఈ తుప్పు తగిలితే ఎలాగ అన్నది ఆమె బాధ.

తాతయ్య లేచి, కారు తలుపు తీసి, లోపల కాళ్ళ దగ్గరి చాప ఎత్తి చూశాడు. అక్కడ ఎండా గాలీ తగలని చోట అరచేయంత మేర అసలు రంగు మిగిలి ఉంది. నెమలికంఠం నీలం.

"ఈ బండి నాకు నెల దినాలు ఇడిచిపెట్టు తల్లీ," అన్నాడు. "మీ నాయన తుడిచిన బండినే మీ అమ్మ చేతికి ఇస్తా."

ఆ నెలంతా డాక్టరమ్మ ఒంటెద్దు బండి మీద ఊళ్ళు తిరిగింది. కారు మా ఇంటి పక్కనున్న తాటాకు పందిట్లోకి వచ్చింది.

మొదటి రోజు తాతయ్య చేసిన పని చూసి నాకు నవ్వాగలేదు. కారంతా తీపినీళ్ళతో కడిగి, ఆరనిచ్చి, బొటనవేలితో ఒకచోట రుద్ది, ఆ వేలు నాలుక మీద పెట్టుకున్నాడు. ఉమ్మేశాడు. మళ్ళీ కడిగాడు. మళ్ళీ నాకాడు. వాకిట్లో చేపల తట్ట దించుకుంటున్న పక్కింటి అక్క నోరు తెరిచి చూస్తూ నిలబడింది.

"ఏంది పెద్దాయనా, బండికి ఉప్పు సరిపోయిందా?"

"ఎక్కువైందమ్మాయ్. ఇంకో రెండు బిందెలు పోస్తే తినొచ్చు."

సముద్రపు గాలి తెచ్చే ఉప్పు కంటికి కనపడదట. అది రంగు కింద చిక్కుకుంటే చెమ్మను లాక్కుని పొక్కు లేపుతుందట. అందుకని రేకు చప్పగా అయ్యేదాకా ఆయన కడిగాడు. బిందె తర్వాత బిందె దొరువు నీళ్ళు నేల మీద పారుతుంటే మా అమ్మమ్మ మొహం చూడవలసింది. "దేవుడి నీళ్ళయ్యా అయి! ఇనపముక్కకు తీపినీళ్ళేంది?" అని ఒకటే గొణుగుడు. ఆ మాట నా చెవిలో పడి మనసులో నాటుకుంది. జరిగిన తప్పుకు విత్తనం అదే.

తర్వాత నున్నగా చేసే పని. ఒక తలుపు, ఎడమవైపు వెనకది, తాతయ్య నాకు ఇచ్చాడు. "ఈ తలుపు నీది. దాన్ని నువ్వు బాగా తెస్తే, ఆ తలుపు తీసుకుని లోపల కూచోని నువ్వే నెల్లూరు స్టేషనుకు వస్తావు, పెద్దమ్మగారిని దించుకోడానికి." నేను అప్పటికి నెల్లూరు చూడలేదు, రైలు చూడలేదు. నాకు పదేళ్ళు. ఆ రాత్రి నిద్రపోయానో లేదో గుర్తులేదు.

పని మొదలుపెట్టే ముందు నన్ను వంటింట్లోకి తీసుకుపోయి అమ్మమ్మ ముందు కూర్చోబెట్టాడు. మూడు పిండ్లు అడిగాడు. ఆమె విసుక్కుంటూనే ఇచ్చింది. ముగ్గు వేసే పొడి బియ్యప్పిండి, అరిసెల కోసం దంచే తడిపిండి, దోసెల కోసం రుబ్బిన జారుపిండి. నా చెయ్యి పట్టి ఒక్కోదాంట్లో పెట్టించాడు.

"జారుపిండితో ముగ్గేస్తావా?"

"వెయ్యను."

"పొడిపిండితో అరిసె చేస్తావా?"

"చీలిపోద్ది తాతయ్యా."

"మరి ఏ పిండి ఏ పనికో తెలిసిన పిల్లకి, ఏ తడి యాడ వాడాలో చెప్పాలా? రుద్దుడు కూడా ఇంతే మే. పొడి, చెమ్మ, తడి."

అప్పుడు చెప్పాడు. ఒట్టి రేకునూ, సొట్టల్లో నింపిన లప్పాన్నీ పొడిగానే రుద్దాలి. రేకుకు నీళ్ళు తగిలితే పూట తిరిగేలోగా తుప్పు పడుతుంది. లప్పం దాహంగా ఉన్న మనిషిలాంటిది, నీళ్ళు కనపడితే తాగేసి దాచుకుంటుంది. కానీ పొడిగా రుద్దితే దుమ్ము లేస్తుంది, ఆ రంగుదుమ్ము రొమ్ముకు మంచిది కాదు. కాబట్టి పొడి రుద్దుడు నాకు లేదు. ఆయన ముక్కుకు తువ్వాలు కట్టుకుని, నన్ను గాలికి ఎగువన వేపచెట్టు కింద కూర్చోబెట్టి, నా తలుపు కూడా ఆయనే పొడిగా రుద్దాడు. అక్కడి నుంచి నేను పద్యాలు అప్పజెప్పేదాన్ని. తప్పు పోతే రుద్దుడు ఆగేది. నేను సరిదిద్దుకున్నాక మళ్ళీ మొదలయ్యేది.

రేకు మీద అసలు రంగు కంటే ముందు ఎర్ర అస్తరు పూసి, అది ఆరాక చెమ్మ రుద్దుడు. అస్తరు కూడా కొంచెం నీళ్ళు పీల్చేదే, కానీ ఒట్టి పొడిగా రుద్దితే కాగితం పూడుకుపోయి గీతలు పడతాయి, దుమ్మూ లేస్తుంది. అందుకని మధ్యేమార్గం. గుడ్డ తడిపి, పిండితే ఒక్క చుక్క రాలకుండా పిండి, దాంతో తుడుస్తూ, తడికి నానని గరుకు కాగితంతో, అంటే నీటికాగితంతో, మెల్లగా రుద్దాలి. "జొరమొచ్చిన బిడ్డ నుదుటి మీద ఏసే గుడ్డ మాదిరి ఉండాల. సల్లగా తగలాల, కారకూడదు," అన్నాడు. ఇక రంగు పూతల మీద మాత్రం తడి రుద్దుడు. అక్కడ నీళ్ళు ధారగా పోసుకుంటూ, కొంచెం సబ్బు వేసి, అన్నిటికంటే మెత్తని కాగితంతో. చివరిగా మెరుగు వార్నీషు.

ఏది వాడినా తీపినీళ్ళే వాడాలన్నాడు. రెండుసార్లు చెప్పాడు.

నేను విన్నాను. కానీ ఎర్ర అస్తరు మీద చెమ్మగుడ్డతో రుద్దడం మొదలుపెట్టాక నా చేతులు తొందరగా నొప్పి పుట్టాయి. కొంచెం ఎక్కువ నీళ్ళు చల్లి చూశాను. కాగితం పాము జారినట్టు జారింది! ఎంత హాయిగా ఉందో. ఇంకొంచెం చల్లాను. అలా చెంబెడు, మరో చెంబెడు. చూస్తుండగా తాతయ్య నాకిచ్చిన బిందె అడుగు కనపడింది. ఆయన కుంచెల కోసం బిట్రగుంటకు వెళ్ళాడు, సాయంత్రందాకా రాడు. ఇంట్లో ఇంకో బిందె ఉంది. అది మరునాటి పూజకు అమ్మమ్మ మూతపెట్టి ఉంచింది.

ఆ బిందె దగ్గరికి వెళ్ళాను. మూత తీశాను. దేవుడి నీళ్ళు ఇనపముక్కకా అన్న మాట గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కి వచ్చేసింది. తిన్నగా పెరట్లోకి వెళ్ళి, ఉప్పుబావిలోంచి చేదతో తోడి, మిగిలిన సగం పని ఆ నీళ్ళతో పూర్తిచేశాను. దొంగతనం చేసినట్టు అనిపించలేదు సుమా. దేవుడి వాటా దేవుడికి మిగిల్చానని గర్వంగా ఉంది. ఆ ఊపులో ఆ బిందెలోంచి ఒక చెంబు ముంచి తులసికోటలో పోసి దండం కూడా పెట్టుకున్నాను.

సాయంత్రం తాతయ్య వచ్చి కళ్ళు మూసుకుని నా తలుపు మీద అరచెయ్యి ఆనించి పైనుంచి కిందికి జరిపాడు. ఆయన ఎప్పుడూ కంటితో చూసేవాడు కాదు. కన్ను అబద్ధం చెప్తది, అరచెయ్యి చెప్పదు అనేవాడు. "భలే తెచ్చినావమ్మే!" అన్నాడు. నేను పొంగిపోయాను. ఆ తలుపు నిజంగానే నున్నగా ఉంది. ఉప్పు అరచేతికి తెలియదు.

తర్వాతి రోజుల్లో పందిట్లో నేలంతా పేడనీళ్ళు చల్లి దుమ్ము అణిచి, మంచు విడిచాక, సముద్రపు గాలి తిరగక ముందు, ఆ మధ్యనుండే రెండు మూడు గంటల్లో తాతయ్య నీలం పూతలు వేశాడు. కారు చూస్తుంటే కడుపు నిండిపోయేది. ఊళ్ళో ఆడవాళ్ళు దొరువుకు పోతూ వస్తూ ఆగి చూసి వెళ్ళేవాళ్ళు.

ఎనిమిది రోజుల్లో పెద్దమ్మగారు వస్తారనగా, ఒక పొద్దున పూలు కోసుకుని వస్తూ నా తలుపు వైపు చూశాను. తలుపు కింది సగమంతా చిన్న చిన్న పొక్కులు. వేసవిలో వీపు మీద లేచే చెమటకాయల్లా గుంపులు గుంపులుగా. మిగతా కారంతా అద్దం. నా తలుపు, అందులోనూ ఉప్పునీళ్ళు పోసిన సగమే. ఎవరో వేలు పెట్టి చూపించినట్టు.

నాకు తెలిసిన వైద్యం ఒక్కటే. మా ఊళ్ళో పిల్లలకు ఒంటి మీద అలా పొక్కులు లేస్తే అమ్మవారు పోసిందనేవాళ్ళు, వేపాకు కట్టేవాళ్ళు. గబగబా వేపరెమ్మ విరిచి తలుపు పిడికి కట్టాను. పొక్కుల మీద పసుపు రాశాను. అమ్మా తల్లీ చల్లగా దిగిపో అని మొక్కుకుని కారు చుట్టూ ప్రదక్షిణలు మొదలుపెట్టాను. ఏడో చుట్టులో తాతయ్యకు ఎదురుపడ్డాను.

ఆయన వేపరెమ్మను చూశాడు. పసుపును చూశాడు. నన్ను చూశాడు.

"ఏందిమే, బండికి అమ్మవారు పోసిందా?"

నాకు ఏడుపొచ్చింది. ఆయన వంగి గోటితో ఒక పొక్కు చిదిమాడు. లోపల చుక్కంత నీరు. వేలితో అద్ది నాలుకకు తాకించుకుని ఉమ్మేశాడు. కోపం వస్తుందని ఎదురుచూశాను. ఆయన నెమ్మదిగా అన్నాడు, "అమ్మే, దీంట్లో మన పెరటి బాయి ఉండాది."

అంతా చెప్పేశాను. అమ్మమ్మ మాట, మూతపెట్టిన బిందె, తులసికోట, ఏదీ దాచలేదు. చెప్తుండగానే అమ్మమ్మ వచ్చి వెనక నిలబడింది. తులసికోటలో పోసిన చెంబు దగ్గరికి వచ్చేసరికి తాతయ్య నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"తులసమ్మకు తీపి, డాక్టరమ్మకు ఉప్పా! మంచి భక్తురాలివే!" తర్వాత నవ్వు ఆపి నా తల మీద చెయ్యి వేశాడు. "నీకు ఊపిరి ఆడనప్పుడు దేవుడు ఏ రూపంలో వచ్చినాడు మే? ఈ బండెక్కే గదా వచ్చినాడు? మరి ఆయన బండికి నీళ్ళు పోస్తే ఆయనకు పోసినట్టు కాదా?"

నేను ఇన్నేళ్ళలో ఎన్నో ప్రవచనాలు విన్నాను. దానికంటే గొప్ప మాట వినలేదు.

అమ్మమ్మ లోపలికి పోయి పూజగదిలోని బిందె ఎత్తుకొచ్చి తాతయ్య కాళ్ళ దగ్గర దించింది. "నా నోటి తీట వల్ల బిడ్డ ఇట్టా చేసింది," అని, చంకన ఇంకో బిందె పెట్టుకుని దొరువు వైపు నడిచింది. విషయం ఊరంతా పాకింది. ఆ వారం రోజులూ దొరువు నుంచి వచ్చే ప్రతి ఆడమనిషీ మా పందిట్లో ఒక చెంబు వంచి పోయేది. "ఇంద, అమ్మవారు పోసిన బండికి!" అని నవ్వుతూ. పక్కింటి అక్క అయితే రోజూ వేపరెమ్మ కూడా తెచ్చేది.

తలుపును మళ్ళీ రేకుదాకా తీయాల్సి వచ్చింది. ఈసారి తాతయ్య చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఏది ఎప్పుడో తాను చెప్పనన్నాడు. నేనే చెప్పాలి.

పొక్కులు గీకేసి, ఉప్పు పోయేదాకా తీపినీళ్ళతో కడిగి, వెంటనే గుడ్డతో ఒత్తి, ఎండలో పెట్టి ఆరబెట్టించాను. నేనే వేలు పెట్టి నాకాను. చప్పగా ఉంది. రేకు బయటపడింది కాబట్టి పొడి అన్నాను. ఆయన తలూపి, తువ్వాలు కట్టుకుని రుద్దాడు. నేను ఎవరూ చెప్పకుండానే గాలికి ఎగువకు వెళ్ళి కూర్చున్నాను. అస్తరు మీద చెమ్మ అన్నాను. గుడ్డ పిండాను, మళ్ళీ పిండాను, నా చెంపకు ఆనించి చూసుకున్నాను. కాగితం ఈసారి జారలేదు, మెల్లగా నడిచింది. చేతులు నొప్పి పుట్టాయి. నొప్పి పుడితే ఆగేదాన్ని, నామం చెప్పుకుంటూ మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. ఒక్కో నామానికి ఒక్కో చాలు. చేతికి జపమాల దొరికినట్టయింది.

ఒకరోజు పొద్దున్నే మబ్బు పట్టి తూర్పుగాలి చెమ్మగా వీస్తోంది. నీలం రెండో పూత వెయ్యాలి. రోజులు మూడే మిగిలాయి. తాతయ్య కుంచె చేతిలో పట్టుకుని నా వైపు చూశాడు. పొడా, చెమ్మా, తడా అని మనసులో వెతికాను. ఏదీ కాదనిపించింది.

"ఈ దినం వద్దు తాతయ్యా," అన్నాను. భయంగానే అన్నాను, ఎందుకంటే ఒక రోజు పోతే మెరుగు వార్నీషుకు సమయం చాలదని నాకు తెలుసు.

ఆయన కుంచె కిందపెట్టి మొహం విప్పార్చాడు. "అది నేను నేర్పలేదే! యాడ నేర్చినావు?" తడి గాలిలో రంగు వేస్తే తెల్లగా పాలిపోతుందట. ఆ రోజంతా మేము ఊరికే కూర్చున్నాం. ఆయన నాకు వానాకాలంలో బిట్రగుంట సంగతులు చెప్పాడు, అమ్మమ్మ అరిసెలు వండింది.

నేను అనుకున్నట్టే అయింది. చివరి రోజుకు నీలం పూత మీద తడి రుద్దుడు వరకే వచ్చాం. నీళ్ళు ధారగా పోస్తూ, మెత్తని కాగితంతో, నీలపు నురగ నా మోచేతులదాకా కారుతుండగా పూర్తిచేశాను. కారంతా ధగధగ మెరుస్తోంది. నా తలుపు ఒక్కటి మెరుపు లేకుండా, తెల్లవారుజాము ఆకాశంలా మసక నీలంగా ఉండిపోయింది. నెల్లూరు ప్రయాణం ఇక లేనట్టేనని మనసును సిద్ధం చేసుకున్నాను. మరునాడు డాక్టరమ్మ స్టీరింగు ముందు కూర్చుంటే నేను పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డాను.

"ఏంది అట్టా నిలబడ్డావు? పా," అన్నాడు తాతయ్య. "తలుపు నీదైనప్పుడు పెద్దమ్మగారికి జవాబు కూడా నువ్వే చెప్పాల."

అలా నెల్లూరు వెళ్ళాను. దారి పొడవునా పచ్చటి మళ్ళు, నీళ్ళ కాలవలు, స్టేషను ముందు వరసగా జట్కాలు. రైలు వచ్చి ఆగింది. తెల్లచీర కట్టుకున్న సన్నటి పెద్దావిడ కూతురి భుజం పట్టుకుని బయటికి వచ్చింది. కారు దగ్గరికి రాగానే భుజం వదిలి రెండు చేతులూ ముందుకు చాపింది.

ముందు బానెట్టు మీద చేతులు వేసింది. మెల్లగా తడుముతూ పక్కకు నడిచింది. ముందు తలుపు, దాని అంచు, అద్దం కింది మలుపు. ఆమె పెదాలు కదులుతున్నాయి. వెనక తలుపు దగ్గర ఆమె చెయ్యి ఆగింది. వెనక్కి వెళ్ళి ముందు తలుపు ముట్టుకుంది, మళ్ళీ నా తలుపు ముట్టుకుంది.

"ఇక్కడ వేరేగా ఉందే! ఎవరు చేశారిది?"

డాక్టరమ్మ ఏదో సర్దిచెప్పబోయింది. తాతయ్య నా వీపు మీద చిన్నగా తట్టాడు.

"నేనండీ పెద్దమ్మగారూ," అన్నాను. "ఉప్పునీళ్ళతో రుద్దినా. పొక్కులొచ్చినాయి. మళ్ళీ మొదట్నించీ చేసినాం. మెరుగు పెట్టేదానికి దినం చాల్లేదు. తప్పు నాదేనండీ."

ఆమె నా మాట వచ్చిన వైపు తిరిగి, తడిమి నా చెయ్యి పట్టుకుంది. నా వేళ్ళ కొసలు నీటికాగితానికి అరిగి ఎర్రగా ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే తాకి చూసింది. తర్వాత ఆ చేతిని తీసుకెళ్ళి తన చేతి కిందే తలుపు మీద ఆనించింది.

"మెరుపు నాకెందుకమ్మా, కనపడుతుందా ఏమన్నా?" అని నవ్వింది. "మిగతాదంతా చెయ్యి పెడితే జారిపోతోంది. ఇది నా చేతికి అంటుకుని ఉంటోంది, తమలపాకులాగా. ఆయన ఉన్నప్పుడు నేను ఈ తలుపు పక్కనే కూర్చునేదాన్ని. అప్పుడు కూడా ఇంత మెత్తగా లేదు."

డాక్టరమ్మ పైటకొంగుతో కళ్ళు తుడుచుకుంది. మా తాతయ్య మాత్రం జట్కావాడి వైపు తిరిగి, "విన్నావా? తమలపాకంట!" అన్నాడు. ముక్కూమొహం తెలియని ఆ జట్కావాడు గుర్రంతో సహా తలూపాడు.

ఇంటికి పోయే ముందు పెద్దమ్మగారు రంగనాయకులస్వామి దర్శనం చేసుకోవాలన్నారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నా తలుపు నాచేతే మూయించారు. గుడి వెనక పెన్న కనపడింది. అంత వెడల్పున తీపినీళ్ళు ఒక్కచోట నేనెప్పుడూ చూడలేదు. దిగి, మెట్ల దగ్గర దోసిలి పట్టి, అలవాటుగా ముందు నాలుక కొసకు తగిలించుకున్నాను. ఆ తర్వాత కళ్ళకద్దుకున్నాను.

పెద్దమ్మగారు ఉన్నన్నాళ్ళూ ఆ తలుపుకు మెరుగు పెట్టనివ్వలేదు. ఆమె మద్రాసు వెళ్ళాకే తాతయ్య వార్నీషు వేశాడు, మా ఉప్పుగాలికి వెయ్యక తప్పదు కాబట్టి. వేసేముందు నన్ను పిలిచి, "ఇంకొక్కసారి ముట్టుకో, పూసినాక మళ్ళీ దొరకదు," అన్నాడు. నేను చెంప ఆనించి ముట్టుకున్నాను.

ఇప్పుడు నాకు మనవలున్నారు. ఒకడు అలిగి గది తలుపేసుకుంటే ఇంట్లో అందరూ తలోమాటా అంటారు. నేను వసారాలో కూర్చుని, ఇది పొడిగా అనాల్సిన మాటా, చెమ్మగుడ్డలా ఆనించాల్సిన మాటా, ధారగా పొయ్యాల్సిన ప్రేమా అని చూసుకుంటాను. చాలాసార్లు, ఈ దినం వద్దులే అనిపిస్తుంది. మధ్యాహ్నానికి వాడే ఆకలేసి బయటికి వస్తాడు. పూజకు నీళ్ళు పట్టేటప్పుడు మొదటి చెంబు దేవుడి ముందు పెట్టను. పాలబ్బాయో, పనమ్మాయో, ఎండనపడి వచ్చిన ఎవరో ఒకరు ఉంటారు, వాళ్ళ చేతికిస్తాను. కొత్త ఊరు వెళ్తే మాత్రం పాత అలవాటు పోలేదు. కొళాయి తిప్పి, ముందు ఒక చుక్క నాలుక మీద వేసుకుంటాను. ఉప్పగా తగిలితే మా తాతయ్య నవ్వు వినపడుతుంది. తియ్యగా తగిలితే, అది ఎవరి కోసం వచ్చిందోనని చుట్టూ చూస్తాను.